కళ్ళు మూయని పరీక్ష

ఖోఖో ఆడుతూ స్తంభానికి తల గుద్దుకున్న కొద్ది రోజులకు నాకు కళ్ళు తిరగడం మొదలైంది. పక్క మీద కుడివైపు ఒత్తిగిలితే చాలు, గోడలు గిర్రున తిరిగేవి. కాసేపటికి అవే ఆగేవి. అది తొంభైల చివర, నేను పదో తరగతి. పరీక్షలు దగ్గరపడ్డాయి కాబట్టి కర్దనూర్‌లో మా వాడకట్టంతా నాది నాటకమని తేల్చేసింది. ఊళ్ళో డాక్టరు దేనికైనా ఎక్కించే గ్లూకోజు సీసానే నాకూ ఎక్కించాడు. పటాన్‌చెరు ఫ్యాక్టరీలో లేతు మిషన్ మీద పనిచేసే మా నాన్నకూ అనుమానమే.

"నిజంగ తిరిగితే సైకిలెట్ల తొక్కుతవ్? బడి బందు వెట్టి ఇంట్ల కూసో," అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

అమ్మ పోరు పడలేక సంగారెడ్డిలో చెవి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆవిడ ఏమడిగినా నాన్నే జవాబు చెప్పబోయాడు.

"మీరాగండి, అమ్మాయిని చెప్పనివ్వండి," అంది ఆవిడ. గది తిరుగుతుందా, ఒళ్ళు తూలుతుందా, ఎంతసేపు ఉంటుంది, తలనొప్పి వస్తుందా, చెవులు బాగా వినిపిస్తున్నాయా అని అన్నీ నన్నే అడిగింది. పాదాలు దగ్గరగా పెట్టి కళ్ళు మూసుకుని నిలబడమంది. తూలకుండా నిలబడ్డాను. చూశారా అన్నట్టు నాన్న తలాడించాడు.

తర్వాత బల్ల మీద కూర్చోబెట్టి నా తల కుడికి తిప్పి పట్టుకుంది. "గబుక్కున వెనక్కి పడుకోబెడతాను. ఎంత తిరిగినా కళ్ళు మాత్రం మూయొద్దు."

అంతవరకూ నాకు కళ్ళు మూసుకోమని చెప్పినవాళ్ళే అందరూ. తల బల్ల అంచు కిందికి వాలగానే పైకప్పు, ఫ్యాను, ఆవిడ ముఖం అన్నీ కలిసి తిరిగాయి. భయమేసి ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను గానీ రెప్ప వాల్చలేదు.

ఆవిడ నాన్నను దగ్గరికి పిలిచి నా కళ్ళు చూపించింది. కనుగుడ్లు వాటంతటవే కొట్టుకుంటున్నాయట. "ఇది కావాలని చేస్తే వచ్చేది కాదు. దెబ్బకు లోపలి చెవిలో సన్నని నలుసులు చోటు తప్పాయి," అంటూ నా తలను మెల్లగా ఒక్కో వైపు తిప్పి లేపి కూర్చోబెట్టింది. మళ్ళీ పడుకోబెట్టి చూస్తే గది కదల్లేదు.

బస్సు దిగి ఇంటికి నడుస్తున్నాం. మా వాడకట్టులో అరుగుల మీద కూర్చున్నవాళ్ళు, "మల్ల గ్లూకోజు ఎక్కిచ్చిన్రా?" అని నవ్వారు. నాన్న నడక ఆపాడు.

"నా బిడ్డ నాటకమాడలే. నా కండ్లతోని చూసిన. గదంత గిర్రగిర్ర తిరుగుతున్నా కన్ను మూయలే. సోమవారం సంది సైకిలు మీదనే బడికి పోతది."

పదో తరగతిలో మంచి మార్కులే తెచ్చుకున్నాను. కానీ ఆ సాయంత్రం నాన్న పక్కన ఇంటిదాకా నడిచినంత గర్వంగా మళ్ళీ ఎప్పుడూ నడవలేదు.