ధర్మవరంలో పూర్వపక్షం

యాభై దాటాక నాకు జ్ఞానతృష్ణ పుట్టిందట, అందుకే ధర్మవరం వెళ్ళి తత్వశాస్త్రం మొదలుపెట్టానట. మా ఇంట్లో అందరూ ఇదే చెప్తారు. తృష్ణా లేదు, గిష్ణా లేదు. నా తోటికోడలు సరళ అక్కడి క్లాసుకు మూడు ఆదివారాలుగా వెళ్తోంది కాబట్టి వెళ్ళాను. ఇంటర్‌తో చదువు ఆపేసిన మనిషి ఫోన్‌లో ప్రమాణం, అనుమానం అంటూ మాట్లాడుతుంటే, బీఏ చదివిన నేను పొయ్యి తుడుచుకుంటూ వినాలా?

హిందూపురంలో ఏడున్నరకు రైలెక్కాను. ఆదివారం టికెట్టు వరుస పెద్దగా ఉండదు, పది నిమిషాల ముందు వెళ్తే చాలు. ఎదుటి సీటు పెద్దాయన చీరలకేనా అని పలకరించాడు. కాదు, తత్వశాస్త్రం నేర్చుకోవడానికన్నాను.

"అది నేర్చుకుంటే ఏమొస్తుందమ్మా?"

"ఏమో. మా తోటికోడలికి వస్తాండాది, నాకూ రావల్ల."

ఆయన పేపరు తెరిచి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

పెనుకొండలో సరళ ఎక్కింది. ఆమె కాపురం అక్కడే. చేతిలో నోటుబుక్కు, అప్పుడే సగం నిండిపోయింది. నాది కొత్తది, అట్ట వేసి తెచ్చాను. నేనొస్తున్నానని పాఠం చెప్పే సారుకు ముందే చెప్పిందట. నన్ను పరిచయం చేయడానికి ఈమె కావలసి వచ్చింది.

ధర్మవరంలో దిగేసరికి తొమ్మిది దాటింది. స్టేషన్ బయట ఉగ్గాని, బజ్జీ తిన్నాం. బజ్జీ వేడి మీదే తినండి, చల్లారితే నూనె తప్ప ఏమీ మిగలదు. షేర్ ఆటోకు మనిషికి ఇరవై. సారు రిటైరైన లెక్చరర్. ఆయన ఇంటి మేడమీద గది, పక్కింట్లో మగ్గం చప్పుడు, చాపల మీద తొమ్మిది మందిమి.

ఆ రోజు పాఠం పూర్వపక్షం. ఎదుటివాళ్ళ మాటను కాదనే ముందు దాన్ని మన నోటితో చెప్పాలి. వాళ్ళు అవును, నేనన్నది ఇదే అని ఒప్పుకున్నాకే మన వాదన. ఇంట్లో తెగని తగవు ఒకటి తీసుకోండి అన్నారు సారు. మాకు వెతుక్కునే పని లేదు. ఆరేళ్ళ కిందట మా అత్తకు క్యాన్సరని తేలినప్పుడు, ఆమెకు చెప్పాలని నేను, వద్దని సరళ. చివరికి నేనే చెప్పాను. తర్వాత నాలుగు నెలలు బతికింది. ఆ నాలుగు నెలలూ తల దువ్వడానికి పెనుకొండ నుంచి సరళనే పిలిపించుకుంది.

ముందు సరళ నా పక్షం చెప్పింది. ఒంట్లో ఏముందో ఆ మనిషికే తెలియనివ్వకపోతే, మిగిలిన రోజులు ఎలా గడపాలో మనమే తేల్చేసినట్టని. ఆరేళ్ళ కిందట నేను ఇంత బాగా చెప్పలేదు. తల ఊపక తప్పలేదు.

నా వంతు వచ్చింది. అబద్ధంతో అత్తను సంతోషంగా ఉంచాలనుకుందన్నాను. సరళ కాదంది. అత్త తట్టుకోలేదేమోనని భయపడిందన్నాను. అదీ కాదంది. అందరూ నన్నే చూస్తున్నారు. బాధ్యత తప్పించుకోవాలనుకుందన్నాను, గొంతు పెంచి.

"చెప్పొద్దనలేదక్కా నేను. ఆయమ్మ అడిగేదాకా ఆగుదాము, అడిగితే మాత్రం దాచొద్దు అంటిని. నువ్వు ఆ రెండో మాట వినకనే లేచిపోతివి."

నిజమేనేమో. ఆ రోజు ఏ మాట దగ్గర లేచిపోయానో నాకు గుర్తులేదు.

నాలుగింటి రైలుకు తిరిగి బయల్దేరాం. వెళ్ళాలనుకునేవాళ్ళకు నేను చెప్పేదొకటే, ఒంటరిగా వెళ్ళకండి, మీకు పడని మనిషిని తోడు తీసుకెళ్ళండి. లేకపోతే ఈ చదువు సులభమనుకుంటారు. దారంతా సరళ నోటుబుక్కులో ఏదో రాసుకుంది, నాది తెరవలేదు. వచ్చే వారమూ రమ్మని చెప్పి పెనుకొండలో దిగిపోయింది.

హిందూపురం దాకా ఖాళీ సీటు వైపు చూస్తూ కూర్చున్నాను. నేను చెప్పిన రోజు అత్త ఏడవలేదు. ఏ జబ్బని కూడా అడగలేదు. సరేనని గోడ వైపు తిరిగి పడుకుంది. ఎంత గుండె నిబ్బరమో అని ఊరంతా చెప్పుకొచ్చాను. ఇంతకీ, నేను చెప్పకముందే ఆమె సరళను అడిగేసిందా?