తెలగపిండి లేని మేత

పోయినవాటిని ముందే చెప్పేస్తాను. తొమ్మిది నెలల కాలం, కుంట గుత్త, సగం బరువైనా తూగని చేపలు, తాల్‌బగీచాలో మాట్లాడి ఉంచిన ఒక అద్దె గది, సాయంత్రాలు నాతో మాట్లాడే ఒకే ఒక మనిషి.

బంధుత్వం లేకపోయినా నేను మావయ్యా అని పిలిచే ఆయన, రాష్ట్రం దాటి ఉన్న మా రైల్వే ఊరి వర్క్‌షాపులో ఫిట్టరు. పలాస అవతల ఏదో ఊరు. భార్య పోయింది, పిల్లలు లేరు. తొంభైల మొదట్లో రిటైరై క్వార్టరు ఖాళీ చేయాల్సి వచ్చింది. "సేపలు బాగా ఎదిగితే ఇక్కడే ఉండిపోతాను బాబూ. లేపోతే తమ్ముడి పంచకే" అన్నారు. నేను రైల్వే ఆఫీసు గుమాస్తాని, ఒక్కణ్నే ఉండేవాణ్ని. ఆయన ఉండిపోవాలని నాకూ ఉంది. ఇద్దరం కలిసి కుంట తీసుకున్నాం.

మేత లెక్క నాది. అక్కడందరూ ఆవ చెక్క, తవుడు వేస్తారు. నేను సొంతంగా నేర్చుకున్న లెక్కతో, మాంసకృత్తులు ఎక్కువని సోయా చెక్క ఎంచుకున్నాను. దానికి తవుడూ తెలగపిండీ తోడు. ఎండుచేపల పొడి మాట తలపెట్టలేదు. మేత కలిపేది మా వరండాలో, నీచు ముట్టని ఇల్లు మాది.

ఖరిదా పేటలోని నూనె గానుగ నుంచి తెలగపిండి తెచ్చి తట్ట అందించబోతే ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నారు.

"తెలగపిండైనా నువ్వులే గదా. సేతికి సెయ్యి మారితే తగువొస్తాది."

"కింద పెడతాను, తీసుకోండి మావయ్యా."

"రోజూ గుర్తుంటాదేటి? నీతో తగువొస్తే నానెవులితో మాట్లాడాల?"

తట్ట వెనక్కి పట్టుకెళితే గానుగ దాదా, అంటే అక్కడి మాటలో పెద్దన్న, నవ్వాడు. "నువ్వులకి భయపడ్డారా? ఠీక్ హై, వేరుశనగ చెక్క పట్టుకెళ్లండి. అది ఎవరితోనూ కొట్లాడదు."

మొత్తం మాంసకృత్తులు కూడి చూశాను. తగ్గలేదు. అంతటితో నిశ్చింత.

శీతకాలంలో వల లాగితే బొచ్చె చేపలకు తలలు మాత్రం పెద్దవి, ఒళ్లు పల్చన. ఆవ చెక్క తిన్న పక్క కుంట చేపలు దిట్టంగా ఉన్నాయి.

"మేత తగ్గించలేదు గదా?" అన్నారాయన, చేపను అరచేతిలో తిప్పి చూస్తూ.

"లేదు మావయ్యా."

"మరేటి తక్కువైనాది?"

"చూసి చెబుతాను."

"ఎంత తక్కువైనాదో కూడా సెప్పు. నువ్వు సెప్తే నమ్ముతాను."

తగువేమీ రాలేదు. గది వద్దని చెప్పి, ట్రంకుపెట్టెతో పొద్దున పాసింజరెక్కి వెళ్లిపోయారు.

జవాబు కొన్నేళ్లకు ప్రేమ్ బజార్‌లో కొన్న పాత పుస్తకంలో దొరికింది. మాంసకృత్తులంటే ఒకే సరుకు కాదు, రకరకాల అమైనో ఆమ్లాల కూర్పు. ఒకటి కొరవడితే తక్కినవెన్ని మిగిలినా ఒళ్లు పట్టదు. బోగీకి ఒక చక్రం లేకపోతే, అదనంగా తలుపులు బిగించి నడపలేం గదా. సోయాలో మెథియోనిన్ అనే ఆమ్లం తక్కువ, వేరుశనగలోనూ తక్కువే. ఆ లోటు తీర్చేది నువ్వులు. నేను మొత్తం లెక్క కట్టాను గానీ, దేనికది విడిగా చూడలేదు.

మా మేత లెక్కను మళ్లీ వేసి చూశాను. పలాస అవతల ఏ ఊరో నేనడగలేదు, ఆయన చెప్పలేదు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి వరండాలో కూర్చుంటే అడగడానికి ఎవరూ ఉండరు. ఆయనకు నేను ఇంకా చెప్పవలసింది ఇదే: మెథియోనిన్, ఉండాల్సినదానిలో మూడో వంతు తక్కువ.