సిలాసు ఎక్కని రోలర్ కోస్టర్

ఢిల్లీ మునిర్కాలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉండే సిలాసు ఓ ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాడు. అది పొట్టకూటి కోసం. ప్రాణమంతా మాత్రం తన యూట్యూబ్ ఛానల్ మీదే. రోలర్ కోస్టర్ ఎలా నడుస్తుందో పాత టాబ్లెట్ మీద బొమ్మలు గీసి, వాటిని కదిలించి, తెలుగులో వివరిస్తాడు. ఛార్జర్ వైరు ఎప్పుడూ పిన్ను మెడ దగ్గరే ఎందుకు తెగుతుందన్నది కూడా మధ్యలో చెప్పేస్తాడు. చూసేవాళ్లు తక్కువ, చెప్పే హుషారు ఎక్కువ. పైనుంచి పడబోయే బొమ్మను గాలిలో ఒక్క క్షణం ఆపితేనే చూసేవాడి కడుపులో తిప్పుతుందని అతని సిద్ధాంతం.

ఇంత చెప్పే పెద్దమనిషి జన్మలో ఒక్కసారి కూడా రోలర్ కోస్టర్ ఎక్కలేదు. భయం. మెట్రో ఎస్కలేటర్ మీద కూడా కిందికి చూడడు. ఈ సంగతి భార్య వసంతకుమారికి తప్ప ఎవరికీ తెలియదు, ఎవరికీ చెప్పనని ఆమె చేత మాట కూడా తీసుకున్నాడు. కూతురు జెనీఫర్ పార్కులో రైడ్ ఎక్కుదాం రమ్మన్నప్పుడల్లా "కింద నుంచి వీడియో తియ్యాలి కదమ్మా" అని తప్పించుకునేవాడు.

చివరికి తన సరదాయే కొంప ముంచింది. కరోల్ బాగ్‌లో బేరమాడి ఛాతీకి కట్టుకునే చిన్న కెమెరా ఒకటి కొన్నాడు. పదమూడేళ్ల జెనీఫర్ దాన్ని చూసి ఎగిరి గంతేసింది.

"డాడీ, అబ్ తో ఇక చేతులు ఖాళీయే కదా! శనివారం నా బర్త్‌డేకి ఇద్దరం కలిసి ఎక్కుదాం. మా డాడీ ఎక్స్‌పర్ట్ అని ఫ్రెండ్స్ అందరికీ చెప్పేశా."

సిలాసు సరేనన్నాడు. కూతురి కళ్లలో చులకనైపోతానన్న బెంగ రైడ్ భయాన్ని మించిపోయింది.

ఆదివారం తెలుగు చర్చిలో ప్రార్థన మనవులు అడిగినప్పుడు లేచి నిలబడ్డాడు. "వచ్చే శనివారం ఓ కష్టమైన పని మీద వెళ్తన్నానండి. అదేంటో ప్రభువుకు తెలుసు. క్షేమంగా బయటపడాలని ప్రార్థన చెయ్యండి" అని వణుకుతున్న గొంతుతో చెప్పి కూర్చున్నాడు.

ఆ చర్చిలో సగం మంది నర్సులు. వాళ్ల లెక్కలో మనిషి అలా వణికాడంటే అది ఆపరేషనే. ఆరాధన కాగానే వసంతకుమారిని చుట్టుముట్టారు. మాటిచ్చిన మనిషి నోరు విప్పలేదు సరికదా, నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాళ్లు దాన్ని ఏడుపనుకున్నారు. ఆ వారమంతా ఇంటికి జావలు, బత్తాయిలు వచ్చాయి. ఎందుకొచ్చాయో సిలాసు అడగలేదు. కంగారులో అన్నీ తినేశాడు.

శనివారం నోయిడా పార్కులో క్యూ కదులుతోంది. ముందు నలుగురే ఉన్నారు. సిలాసు ఛాతీ మీది కెమెరా బెల్టును మళ్లీ మళ్లీ బిగిస్తున్నాడు. ఇంతలో జెనీఫర్ ఫోన్ మోగింది. చర్చిలో పెద్ద నర్సు కమలాకుమారి ఆంటీ. ఆ గోలలో వినబడక జెనీఫర్ స్పీకర్ పెట్టింది.

"జెన్నీ, డాడీతో నువ్వే వెళ్లావని మీ అమ్మ చెప్పింది. లోపలికి తీసుకెళ్లారామ్మా? ఏ హాస్పిటలో చెప్పు, నేను వచ్చేత్తాను. ఆపరేషన్ దగ్గర నువ్వొక్కదానివే ఏం ఉంటావు?"

జెనీఫర్ ఫోన్ దించి తండ్రి వైపు తిరిగింది. చర్చిలో ప్రార్థన, అమ్మ కొంగు, ఇంటికొచ్చిన బత్తాయిలు అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

"డాడీ, ఆప్‌కో క్యా హువా? సచ్ బోలో, నిజం చెప్పు!" కళ్ల నిండా నీళ్లు.

ఆ నీళ్లు చూశాక సిలాసుకు పరువు గుర్తు రాలేదు.

"జబ్బేం లేదు బంగారం, ఒట్టు! నాకు ఇదెక్కాలంటే భయం. ఎప్పుడూ ఎక్కలేదు. దీని కోసమే ప్రార్థన చెయ్యమన్నాను."

"బస్? ఇత్‌నా హీ?"

"అంతేనమ్మా."

జెనీఫర్ అతన్ని వాటేసుకుని ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. తండ్రి పిరికివాడని తెలిసి అంత సంతోషించిన పిల్ల ఇంకెక్కడా ఉండదు. ఇన్నేళ్లూ ఏ చులకనకు భయపడ్డాడో అది ఆ మొహంలో మచ్చుకైనా లేదు. సిలాసుకు ప్రాణం లేచొచ్చింది.

వెనకవాళ్లకు దారిచ్చి ఇద్దరూ క్యూలోంచి బయటికొచ్చారు. ఫోన్‌లో ఆంటీ ఇంకా హలో హలో అంటూనే ఉంది.

"ఆంటీ, డాడీకి ఏం కాలేదు. ఆపరేషన్ లేదు, ఏం లేదు. ఝూలా ఎక్కాలంటే భయం. డర్‌పోక్ హై, బస్!"



"స్తోత్రం తండ్రీ!" అంది కమలాకుమారి, ఏడుపు గొంతుతో. "పిరికోడైతే ఏమైందే, మనిషి బాగున్నాడు కదా!"