జేజినాయన ఎడమకాలు

మొన్న అటక మీది చెక్కపెట్టె దించి దులుపుతుంటే ముందు ఆముదం వాసన వచ్చింది, ఆ తర్వాత కాలు దొరికింది. భయపడకండి. బూట్లు కుట్టేవాళ్లు కొలతకు చెక్కించుకునే కొయ్య అచ్చు అది. ఎడమపాదం. బొటనవేలు ఉండాల్సిన చోట నున్నగా కోసేసినట్టుంటుంది. నేను చెప్పేదాంట్లో సగం తీసేసి వినడం మా యింట్లో అందరికీ అలవాటు. మీరూ అలాగే వినండి.

ఆ పాదం మా జేజినాయనది, అంటే మా నాయనను కన్న తండ్రిది. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో ప్రొద్దుటూరు దూదిమిల్లు వాళ్లు జీతమిచ్చి పెట్టుకున్న ఫుట్‌బాల్ కోచ్ ఆయన. ఆయన బొటనవేలు మిల్లు బండి చక్రం కింద పోయింది. మాకు మాత్రం, తాను తన్నిన తన్నుకు వేలు ఊడి బంతితోపాటు గోల్లోకి పోయిందనీ, రెఫరీ రెండు గోల్స్ ఇచ్చాడనీ చెప్పేవాడు. ఈ విద్య నాకెవరి నుంచి వచ్చిందో వేరే చెప్పనక్కరలేదు.

చలికాలం పొద్దుటిపూట, పెన్నలో ఇసుక ఇంకా మంచుకు చల్లగా ఉండగానే, ఆటగాళ్లను వట్టికాళ్లతో పరుగెత్తించి, వాళ్లు ఒడ్డున కూర్చుని జొన్నరొట్టెల్లోకి ఊరిబిండి పచ్చడి నంజుకుంటుండగా, ఆయన ఒక్కడే ఈ అచ్చు మీద కుట్టించుకున్న బూట్లతో ఏట్లోకి దిగి అడుగులు చదివేవాడు. "ఈ మడమ ఎవనిదిరా? రాత్రి సంగటి శానా లాగించినాడు" అంటే ఎవడో ఒకడు తల వంచుకునేవాడు. ఆ చదువు ఇద్దరు కొడుకులకూ నేర్పాడు. పెదనాయన జమ్మలమడుగు జట్టుకు కోచ్‌గా పోయాడు, మా నాయన తండ్రి వెంటే ఉండిపోయాడు. నేను నాయన భుజాల మీద కూర్చుని, క్రిస్మస్‌కు చేసిన అత్తిరసాలు నములుతూ, బెల్లం జిగురు వేళ్లతో ఆయన జుట్టు పట్టుకుని ఇదంతా చూసేదాన్ని.

జేజినాయన పోతే ఆ బూట్లతోనే పూడ్చారు. ఆయన ఈల దగ్గర అన్నదమ్ములు చెడ్డారు. పెద్దకొడుకునని పెదనాయన దాన్ని పట్టుకుపోయాడు, దగ్గరుండి నేర్చుకున్నది నేనని నాయన మాటలు మానేశాడు. మిల్లు యజమాని నాయననే కోచ్‌గా పెట్టుకున్నాడు గానీ, రెండేళ్లు వరుసగా జమ్మలమడుగు చేతిలో ఓడేసరికి, "ఈతూరి పులివెందుల పోటీల్లో గూడా వాళ్ల చేతిలో ఓడితే మీ యన్ననే తెచ్చుకుంటా" అనేశాడు. నాయనకు అన్నం సహించలేదు. "మా నాయన ఉండింటే చెప్పేటోడు, యాడ తప్పు చేస్తాండానో" అని అమ్మతో అంటుంటే విన్నాను.

జేజినాయన వచ్చి చూసి పోయాడని తెలిస్తే నాయనకు ధైర్యమొస్తుందని నాకు తోచింది. ఆటకు రెండు రోజుల ముందు, సందెవేళ, ఈ అచ్చును గౌను కింద దాచుకుని ఏట్లోకి దిగాను. బలమంతా పెట్టి ఏడడుగులు అద్దాను. ఇంటికొచ్చి సంగటిముద్ద నోట్లో పెట్టుకున్నాక గానీ వెలగలేదు, అన్నీ ఎడమకాళ్లే! జేజినాయన పెన్నలో ఒంటికాలితో గెంతుకుంటూ పోయినట్టు.

పొద్దున్నే నాయన నన్ను చేయి పట్టుకుని తీసుకుపోయాడు. "చూడు బిడ్డా. మా నాయన వచ్చినాడు."

నా ఏడు ఎడమకాళ్లకూ జతగా, నేను వదిలేసిన చోట్ల, ఏడు కుడికాళ్లు ఉన్నాయి. నావాటికన్నా లోతుగా. ఎనిమిదో అడుగు నుంచి రెండు కాళ్లూ కలిసి ఎగువకు, జమ్మలమడుగు దిక్కుకు సాగిపోయాయి. నేనే వేశానని చెప్పబోయి ఆగిపోయాను. ఎన్ని వేశానని చెప్పను?

ఆరోజు మొదటి బస్సుకే పెదనాయన దిగాడు. మూడేళ్లకు మా గడప తొక్కడం.

"ఒరే, మా ఏట్లో నాయన నడిచినాడురా. మీ దిక్కు నుంచే వచ్చినాడు."

నాయన ముఖం పాలిపోయింది. "కోపంగా ఉండాడాన్నా?"

"లేదురా. అడుగు నిమ్మళంగా పడింది." పెదనాయన జేబులోంచి ఈల తీసి నాయన అరచేతిలో పెట్టాడు.

పులివెందులలో మావాళ్లు మళ్లీ జమ్మలమడుగు చేతిలోనే ఒక్క గోల్ తేడాతో ఓడిపోయారు. యజమాని అక్కడికక్కడే పెదనాయనను పిలిచి పని తీసుకోమన్నాడు.

"నేను రాను సామీ. మా నాయన ఈల ఇప్పుడు వాని కాడ ఉండాది. వాన్ని తీసేస్తే, ఏట్లోకి పోయి ఆయనకు మీరే చెప్పుకోండి" అన్నాడు పెదనాయన.

యజమాని పొద్దుటిపూట ఏటి ఒడ్డున షికారు తిరగడం మానేశాడు. నాయనను మాత్రం తీసేయలేదు.

ఇప్పుడు మిల్లు లేదు, జట్టు లేదు, నాయనా పెదనాయనా లేరు. వాళ్లిద్దరికీ నేను నిజం చెప్పనేలేదు. పెన్నలో ఇసుకను లారీలు తోడుకుపోయాయి. మిగిలింది రాళ్లూ తుమ్మచెట్లూ. జేజినాయన మళ్లీ వచ్చినా అడుగు పడే చోటు లేదు.

అచ్చు తుడిచి మళ్లీ పెట్టెలో పెట్టాను. మిమ్మల్ని సగం తీసేసి వినమన్నాను గదా, ఎడమకాళ్లు తీసేయండి. అవి నావి.