నూనెలో వేగిన నీలి పూసలు

ఇది రాయకూడదనే అనుకున్నాను. చెప్పుల పెట్టెలోంచి రాలిపడిన చిన్న పొట్లం గురించి ఎవరు చదువుతారులే అని ఫోను పక్కన పెట్టేశాను కూడా. కానీ ఆ పొట్లాన్ని చెత్తబుట్టలో వేయడానికి చెయ్యి రాలేదు...

మా చిన్నప్పుడు... మైపాడు దగ్గర మా ఇంట్లో ఏదీ పూర్తిగా ఆరేది కాదు. సముద్రం గాలి ఇంటి మనిషిలాగే లోపలా బయటా తిరుగుతుండేది. ఉప్పుజాడీకి చెమటలు పట్టేవి. అప్పడాలు గుడ్డముక్కల్లా వేలాడేవి. అగ్గిపెట్టెను అమ్మ బియ్యం డబ్బాలో దాచేది. కార్తీకంలో అయితే పొద్దున లేచేసరికి దండెం మీద బట్టలూ, గోడలూ, మేమూ అందరం ఒకే మంచులో తేలుతున్నట్టుండేది...

ఆ ఇంట్లోకి మా బాబాయి నెల్లూరు నుంచి అవ్వకు చెవిమిషను తెచ్చాడు. అవ్వంటే మా నాయన తల్లి. ఇప్పటిలా చెవిలో దాగే మిషను కాదది. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద డబ్బా, దాన్నుంచి చెవికి ఒక తీగ. డబ్బాను కొంగున ముడేసుకోవాలి.

అవ్వకు చెవులు పోయాక పుట్టింది మా చెల్లెలు రాజి. అయిదేళ్ళ పిల్ల, నోరు మూతపడేది కాదు. అవ్వకు మాత్రం దాని పెదవులు కదలడమే తెలుసు, గొంతు తెలియదు.

మిషను పెట్టిన రోజు రాజి "అవ్వా" అన్నది. అవ్వ ఉలిక్కిపడి దాని మొహం రెండు చేతులా పట్టుకుంది.

"ఇదేందే, ఇంత సన్నంగా ఉండాది నీ గొంతు! ఆ నోరు జూసి బడిగంట మాదిరి ఉంటాదనుకున్నా గదే!"

పది రోజులు గడిచాయో లేదో, మిషను బుస్సుమని ఆగిపోయింది. రాజి డబ్బాకు నోరానించి మరీ పిలిచింది. అవ్వ తల అడ్డంగా ఊపింది.

ఇందుకూరుపేటలో రేడియోలు బాగుచేసే మస్తానన్న దగ్గరకు నాయనా నేనూ పోయాం. ఆయన డబ్బా విప్పి చూశాడు.

"చెడిపోలేదన్నా, చెమ్మ పట్టినాది. అంతే" అని ఒక గాజుసీసా తీశాడు. అడుగున నీలి పూసలు. "పడుకోబొయ్యే ముందు మిషన్ని దీంట్లో పెట్టి మూత బిగించండి. పూసలు గులాబీరంగు తిరిగితే కడుపునిండా తాగేసినాయని లెక్క. అప్పుడు వేయించి మళ్ళా పొయ్యండి, నీలం వస్తాది. కూర వండే మూకుట్లో గాదు, దానికి వేరేది పెట్టుకోండి. పిల్లోళ్ళ నోట్లో పడనీయబాకండి."

వాటి పేరు సిలికాజెల్ అని నాకు చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు. నేను బడిలో చదివింది తక్కువ, పొట్లాలు కట్టిన కాగితాల మీద చదివింది ఎక్కువ. పేరులో జెల్ ఉంది గానీ, ముట్టుకుంటే గులకరాయే. పుట్టుక ఇసుక నుంచేనట. అంటే మా తీరంలో ఇసుకకు మేనరికం వరస అన్నమాట! మా ఇసుక రోజంతా అలల్లో నానినా లోపలికి చుక్క రానివ్వదు. ఈ పూసకేమో ఒళ్ళంతా కంటికి కనపడని గుంటలు... గాలిలో చెమ్మను పిలిచి ఆ గుంటల గోడలకు అంటించుకుంటుంది. ఆ నీలం దాని సొంతం కాదు, తేమ తెలియడానికి కలిపిన మందు. అది ఒంటికి మంచిది కాదని ఇప్పుడు నారింజరంగువి చేస్తున్నారు. మాత్రల సీసా మూతలో గలగలమనేదీ, కెమెరా పెట్టెలో ఉండేదీ, నా చెప్పుల పెట్టెలోంచి రాలిందీ ఇదే... సరే, అవ్వ దగ్గరికి వద్దాం.

మిషను మళ్ళీ పలికింది. వారానికి పూసలు గులాబీరంగు తిరిగాయి. అమ్మ వేయించడానికి కూర్చుంది.

మా ఇంట్లో వేయించడమంటే చేపలే. నూనె లేకుండా మూకుడు పొయ్యెక్కిన రోజు లేదు. అమ్మ పాత మూకుడు వెతికి తీసి, రెండు గరిటెల నూనె పోసి, కాగాక పూసలు వేసింది. చిటపటలాడాయి. నిగనిగలాడాయి. నీలం మాత్రం రాలేదు. రెండో రోజుకు మిషను మూగబోయింది.

మస్తానన్న సైకిలు మీద వచ్చి సీసా వాసన చూశాడు.

"వదినా, ఇవి పూసలా, వంజరం ముక్కలా? కారం గూడా పట్టించినావా?"

"నువ్వే గదా మస్తానూ వేయించమన్నావు! వట్టి మూకుట్లో అని చెప్పినావా?"

"నాదేలే తప్పు. సముద్రం ఒడ్డునోళ్ళకి వేయించమని చెప్పినా జూడు!" అని నవ్వి, తర్వాత నవ్వు ఆపాడు. "నూనె పట్టిన పూస ఇంక తాగదు వదినా. నా దగ్గర ఉండింది ఆ కాసినే. నెల్లూరు నించి తెప్పించాలంటే నెల పడతాది."

అవ్వ మా మొహాలు ఒక్కొక్కటే చూసింది. "ఏమంటాడే?" అని అడిగింది. అమ్మ గోడవైపు తిరిగి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"బియ్యం వేయించు వదినా" అన్నాడు మస్తానన్న గుమ్మం దగ్గర ఆగి. "వట్టియి. పూసలంత పనిచెయ్యవు గానీ, కాస్త పీల్చుకుంటాయి."

ఆ నెలంతా అమ్మ రోజూ బియ్యం వేయించి, చల్లార్చి సీసాలో పోసింది. మిషను పొద్దున ఒక గంట పలికేది. తర్వాత చెమ్మ పట్టి సన్నగిల్లిపోయేది...

ఆ గంట రాజిది. అమ్మ గిన్నె చప్పుడు కాకుండా దించేది. నాయన నోరెత్తకుండా వల బాగుచేసుకునేవాడు. నేను కూడా మాట్లాడలేదంటే మీరు నమ్మాలి! మంచులో ఆ ఒక్క గొంతే... ఎండ్రకాయ కాలు పట్టుకున్న సంగతీ, కలలో పడవకు రెక్కలొచ్చిన సంగతీ... అవ్వ కళ్ళు మూసుకుని వినేది. మధ్యలో మిషను ఆగిపోతే కళ్ళు తెరిచేది. రాజికి ఆ సంగతి తెలియదు, చెప్తూనే ఉండేది. అవ్వ ఆపమనేది కాదు. పెదవులు చూస్తూ తల ఊపేది...

కొత్త పూసలు వచ్చాయి. అమ్మ వట్టి మూకుట్లోనే వేయించింది. మిషను రోజంతా పలికింది. అయినా ఆ పొద్దుటి గంటలో మా ఇంట్లో రాజి తప్ప ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు.

ఇప్పుడు ఏ పెట్టె తెరిచినా ఒక పొట్లం అడక్కుండానే వస్తుంది. విప్పకుండానే పారేస్తాం. ఒక్క గొంతు కోసం ఇల్లంతా ఊరుకునే గంట మాత్రం ఏ పెట్టెలోనూ రావడం లేదు... మీ ఇళ్ళల్లో చెమ్మ నుంచి దేన్ని దాచుకునేవాళ్ళు? ఎక్కడ? రాయండి, తీరిగ్గా చదువుతాను.

నాకూ ఇప్పుడు చెవిమిషను ఉంది. ఇందాక ఫోను వెలిగితే చూశాను, రాజి చేస్తోంది. మిషను సీసాలో ఉంది. తీసి పెట్టుకునేలోగా ఫోను కట్టయిపోయింది. నేనే మళ్ళీ చేశాను.