బాలరాజు వీపుకు అంటని మన్ను

నాచారం ఫ్యాక్టరీలో మూటలు మోసే సాంబయ్యను గేటు దగ్గర అందరూ "ఏయ్" అనే పిలిచేవాళ్లు. ఇరవై ఏళ్లుగా చూస్తున్న మనిషిని పేరు పెట్టి పిలవడానికి ఆ సూపర్‌వైజర్లకు నోరు రాలేదు. అది విన్నప్పుడల్లా కొడుకు బాలరాజుకు ఒళ్లు మండేది. ఆ మంట ఎక్కడ చల్లార్చుకోవాలో తెలియక పదిహేడో ఏట ఉప్పల్‌లో కుస్తీ నేర్పే చంద్రయ్య ఉస్తాద్ తాలీంకు వెళ్లి లంగోటి కట్టాడు.

మట్టి కుస్తీలో లెక్క ఒక్కటే. ఎవరి వీపు మన్నుకు ఆనితే వాడు ఓడినట్టు. బోర్లా పడితే ఓటమి కాదు. కానీ బోర్లా పడుకునేంత ఓపిక బాలరాజుకు ఎక్కడిది? చేతులు కలిపీ కలపకముందే అవతలివాడి నడుం పట్టి ఎత్తేసేవాడు.

"జర ఊపిరన్న తీస్కోనియ్యిరా వాన్ని," అని ఉస్తాద్ తిట్టేవాడు.

ఎదుటివాడు ఎవరు, ఎంత బరువు అన్న విచారణే లేదు. రెండు వేల రెండులో ఉప్పల్ పోటీల్లో నలుగురిని వరసగా పడేసి, బహుమతిగా ఇచ్చిన గద భుజాన వేసుకుని ఇంటికొచ్చాడు. మర్నాడు గేటు దగ్గర సూపర్‌వైజర్ కుర్చీ జరిపి, "పహిల్వాన్ నాయిన గదా, కూసో సాంబయ్యా," అన్నాడట. సాంబయ్య కూర్చోలేదు గానీ ఆ మాట ఇంట్లో మూడుసార్లు చెప్పాడు.

కావలసింది దొరికింది. పేచీ అక్కడే మొదలైంది. దొరికినదాన్ని పోగొట్టుకోకుండా చూసుకోవాలి కదా.

"బాలరాజు వీపుకు మన్ను అంటలే" అన్న మాట మౌలాలి దాకా పాకింది. ఆ మాటే అతన్ని ఉడుంపట్టు పట్టింది. ఇప్పుడు ఎదుటివాడి వయసు, బరువు, ఉస్తాద్ పేరు అన్నీ ఆరా తీసేవాడు. మీదికి వెళ్లడం మానేశాడు. బోర్లా పడుకుని, అవతలివాడు అలిసిపోయాక మెల్లగా తిప్పేసేవాడు. ఆ తర్వాత అదీ లేదు. పోటీ రోజు పహిల్వాన్ చెయ్యి చాచి గోదా చుట్టూ తిరుగుతాడు. ఎవరైనా ఆ చెయ్యి పట్టుకుంటే జోడీ కుదిరినట్టు. మూడు చుట్లలో ఎవరూ పట్టుకోకపోతే గెలుపు అతనిదే. రెండేళ్లుగా ఎవరూ చెయ్యి పట్టక బాలరాజు నడిచే గెలుస్తున్నాడు.

ఊరంతా మెచ్చుకుంటున్నా మనిషికి మాత్రం నిలకడ లేదు. అన్నం ముందు కూర్చుని లేచిపోయేవాడు. గుమ్మంలోకి వెళ్లి, ఎందుకొచ్చాడో తెలియక వెనక్కి వచ్చేవాడు.

"కడుపుల ఏం పెట్టుకున్నవో చెప్పరాదు," అంది భార్య సంతోషి.

"ఏం లేదు."

"ఏం లేకుంటే కూసోని తిను."

ఆ మొదటి గెలుపుకు పదేళ్లు దాటాక, ఉప్పల్‌లో మెట్రో పిల్లర్లు లేస్తున్న ఏడాది, మళ్లీ అవే పోటీలు. సాంబయ్య ముందు వరసలో కూర్చున్నాడు. బాలరాజు చెయ్యి చాచి రెండు చుట్లు తిరిగాడు. మూడో చుట్టులో ఏఎస్ రావు నగర్ నుంచి వచ్చిన తేజేష్ అనే ఇంజనీరింగ్ కుర్రాడు ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"నేను పడతానండీ," అన్నాడు.

ఆ "అండీ"కి జనం నవ్వారు. బాలరాజుకు నవ్వు రాలేదు. భయమేసింది.

కుర్రాడు ఊపిరి తీసుకోనివ్వకుండా మీద పడ్డాడు. బాలరాజు బోర్లా పడి మన్నును కరచుకున్నాడు. పది నిమిషాలైంది. ఇంకో అయిదు నిమిషాలు ఇలాగే ఉంటే సమానమని తేల్చేస్తారు, వీపు శుభ్రంగా ఉంటుంది. వెల్లకిలా తిరిగి ఓడితే మాత్రం రేపటి నుంచి గేటు దగ్గర నాయనను ఏమని పిలుస్తారో! ఆ ఆలోచనతోనే వేళ్లు ఇంకా లోతుగా దిగబడ్డాయి.

ముసలి ఉస్తాద్ వంగి నెమ్మదిగా అన్నాడు: "లెయ్‌రా. మీ నాయిన గింత దూరం నువ్వు పండుకుంటే సూడనీకి రాలే."

బాలరాజుకు సిగ్గేసింది. లేచాడు. లేచినవాడు ఆగలేదు, పదిహేడో ఏట చేసినట్టే కుర్రాడి నడుం పట్టి ఎత్తాడు. ఎత్తాడు గానీ మోకాలు నిలవలేదు. తేజేష్ గాల్లోనే ఒళ్లు తిప్పి, మెడకింద చెయ్యి వేసి, అతన్ని వెల్లకిలా పడేశాడు.

"దెబ్బ తగిలిందాండీ?" అని తేజేష్ కంగారుగా వంగాడు.

బాలరాజు తండ్రి వైపు చూడలేదు. చూడాలన్న సంగతే గుర్తు రాలేదు.

"గా మెడకింద ఏసిన పట్టు," అన్నాడు రొప్పుతూ, "ఇంకోపారి ఏసి సూపియ్యి."