చీకటి రీడింగ్

వేడి తవుడు వాసన తగిలితే చాలు, నా చెయ్యి దానంతటదే కెమెరా మూత కోసం వెతుకుతుంది. ఈ అలవాటు సత్తయ్య సార్ చేసింది. మిర్యాలగూడ, కోదాడ రైసుమిల్లుల్లో నల్ల గింజల్ని ఏరే యంత్రాలను బాగుచేసే మెకానిక్ ఆయన. నాలుగేళ్లు ఆయన దగ్గర పని నేర్చుకున్నాను.

రాలే బియ్యాన్ని కెమెరా చూస్తుంది. నల్ల గింజ కనబడితే యంత్రం గాలి ఊది పక్కకు నెడుతుంది. "కెమెరాను గుడ్డిగ నమ్మకు" అన్నారు మొదటిరోజే. మూత బిగించి తెర చూపించారు. లోపల చీకటి, అయినా తెర మీద తెల్లని చారలు! "గివి బియ్యంల లేవు, దీని కంట్లనే ఉన్నయ్. మూత పెట్టి కొలిస్తే యంత్రం యాదికుంచుకొని తీసేస్తది. వేడెక్కితే చారలు మారుతయ్, మళ్ల కొల్వాలె." దాన్ని చీకటి రీడింగ్ అనేవారు. గొర్రెలు కాసిన ఇంటి మనిషి. వాళ్ల నాయన మందలో ప్రతి గొర్రెనూ ఎరిగినట్టు, ఏ మిల్లు కెమెరాలో ఏ చార ఎక్కడుందో ఆయన చూడకుండానే చెప్పేవారు.

ఒక యాసంగి పంట కాలంలో నన్ను కోదాడ మిల్లులో ఉంచి, ఏదో సర్క్యూట్ బోర్డు కోసం సూర్యాపేట వెళ్లారు. "పగటీలి మళ్ల మూత పెట్టు, మర్వకు" అని మరీ మరీ చెప్పారు. మధ్యాహ్నమయ్యేసరికి బయట సరుకు కోసం లారీ ఆగి ఉంది. మూత పెట్టాలంటే యంత్రం ఆపాలి. బాగానే నడుస్తోందిగా అని ఊరుకున్నాను. వేడికి చారలు ముదిరాయి. చారలున్న చోట పడ్డ నల్ల గింజలు కూడా యంత్రానికి తెల్లగా కనబడి బస్తాల్లోకి వెళ్లిపోయాయి. మర్నాడు నల్ల గింజలున్నాయని లారీ తిరిగొచ్చింది.

"ఎవరయ్యా సెట్ చేసింది?" ఓనరు అరిచాడు. నేను తల దించుకున్నాను. అప్పటికి తిరిగొచ్చిన సార్ నా వైపు ఒకసారి చూసి, "నేనే" అన్నారు. మాట పాకింది. ఒక్కో మిల్లూ ఆయన్ను పిలవడం మానేసింది. ఆ పిలుపులు నాకొచ్చాయి. సిగ్గులేకుండా వెళ్లాను.

రెండేళ్లకు ఆయన మంచం పట్టారని తెలిసి సూర్యాపేటలో ఆయన ఇంటికి వెళ్లాను. "సార్, కోదాడల తప్పు నాది" అని ఏడ్చాను.

"ఎరుకే. యంత్రంల చీకటి రీడింగ్ టైం సూసిన. పొద్దుగాలదే ఉండె."

"మరి అప్పుడే ఎందుకడగకపోతిరి?"

"నువ్వే చెప్తవని సూసిన బిడ్డా. గిన్ని రోజులు పడ్తదనుకోలే."

ఆ నెలలోనే పోయారు. కోదాడ ఓనరుకు కూడా నిజం చెప్పాను. "అయిపోయిందిగా, ఇప్పుడెందుకులే" అన్నాడు.

ఇప్పటికీ మధ్యాహ్నం యంత్రం ఆపి మూత పెడతాను. లారీ ఆగి ఉందని ఓనర్లు తిడతారు. తిట్టనిస్తాను. ఆ రోజు నేను పడాల్సిన తిట్లే అవి.